శివరాం బండి ఎందుకు ఆగేది

శివరాం పోయిన మర్నాడు టాక్సీ స్టాండు వాళ్లు అతని బండిని తోసుకుంటూ తెచ్చి, బొంబాయి కామాఠీపురాలో అతనుండే వరసగదుల చాల్ ముందు, నీళ్ల నల్లా పక్కన నిలబెట్టి వెళ్లారు. అది ఎనభై ఆరో సంవత్సరం, వానాకాలం చివర. నలుపూ పసుపూ రంగుల ఫియట్ బండి. మీటరు మీద ఎవరో గోనెగుడ్డ కప్పారు. నీళ్లకొచ్చిన ఆడవాళ్లు వంతు వచ్చేదాకా బిందెల్ని దాని బానెట్ మీద పెట్టుకునేవాళ్లు. శివరాం ఉన్న రోజుల్లో అలా పెడితే ఊరుకునేవాడు కాదు. పై వరండాలో కూర్చుని అతని భార్య రత్నాబాయి అదంతా చూసేది. వద్దని అనేది కాదు, అనాలని కూడా ఆమెకు తోచేది కాదు.

రత్నాబాయి ఏడవలేదు. భర్త శవం ఇంటికొచ్చినప్పుడూ ఏడవలేదు, దినాల నాడూ ఏడవలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆమెను మధ్యలో కూర్చోబెట్టుకుని, శివరాం మంచితనం ఒక్కొక్కటే చెప్పి చూశారు. వాళ్లు ఏడ్చారు గానీ ఆమె ఏడవలేదు. ఎవరైనా అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. అత్త గంగాబాయి కొడుకుని పోగొట్టుకున్న దుఃఖం ఒక పక్కా, కోడలు ఏమైపోతుందోనన్న భయం ఒక పక్కా పట్టుకుని కూర్చుంది. లోపల పెట్టుకుంటే పుండవుతుందని రోజూ బతిమాలేది. లోపల ఏమైనా ఉంటే కదా అని రత్నాబాయికి అనిపించేది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయేవి. తునికాకు తడపడం, కత్తిరించడం, పొగాకు పోసి బీడీ చుట్టడం, దారం కట్టడం.

ఆ పని ఆమెకు ఊహ తెలిసినప్పటినుంచీ ఉన్నదే. తాత పాలమూరు నుంచి రాళ్లు మోయడానికి బొంబాయి వచ్చాడు. తండ్రి మేస్త్రీల వెంట సున్నం కలిపాడు. ఆమె ఈ గల్లీలోనే పుట్టింది, ఇక్కడే బీడీలు నేర్చింది, పక్క గల్లీ శివరాంని చేసుకుని సామాన్లు ఒక చాల్ నుంచి ఇంకో చాల్‌కి నడిచి తెచ్చుకుంది. పిల్లలు పుట్టారు గానీ నిలవలేదు. శివరాం మొదట గ్యారేజీలో బండ్లు కడిగేవాడు. తర్వాత ఒకరి టాక్సీ, మరొకరి టాక్సీ నడిపి, చివరికి ఇదిగో ఈ పాత ఫియట్‌ని సొంతం చేసుకున్నాడు. కొన్ననాడు అందరికంటే ముందు తల్లిని ఎక్కించి నాగ్‌పాడా చుట్టూ తిప్పి తెచ్చాడు.

రోజూ పొద్దుగూకాక ఇంటికొచ్చి, మోరీ దగ్గర కాళ్లు కడుక్కుని, కంచం ముందు కూర్చోగానే శివరాంకి నోరు విచ్చుకునేది. ఎవరెక్కారు, ఎక్కడ దిగారు అన్నది కాదు, బండి ముచ్చటే. కడపటి సంవత్సరమైతే మరీను. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోతోందని, గేరు పడటం లేదని, బండ్లు బాగుచేసే ఏ మిస్త్రీకి చూపించినా ఒక్కొక్కడు ఒక్కొక్కటి చెబుతున్నాడని. రత్నాబాయి బీడీలు చుడుతూ ఊఁ కొట్టేది. వింటున్నదీ లేనిదీ ఆమెకే తెలియదు. ఒక్కోసారి విసుగు పుట్టి, ఆ బండినే చేసుకోకపోయావా అని కూడా అంది. అతను నవ్వి మళ్లీ అందుకునేవాడు.

అతను పోయింది కూడా ఆ బండితోనే. పెద్దర్ రోడ్డు ఎక్కుడు మీద ఇంజిన్ ఆగిపోయింది. గేరు ఇరుక్కుని రాలేదు. ఎక్కినవాళ్లు దిగి ఇంకో టాక్సీ చూసుకున్నారు. వెనక హారన్లు మోగుతుంటే అతనొక్కడే బండిని పక్కకి తోశాడట. తోసి, ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడట. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. గుండె అన్నారు డాక్టర్లు. బండి మింగింది అన్నారు చాల్ వాళ్లు.

బావ నర్సింహులుది కూడా అదే మాట. శివరాంకి అన్న, మిల్లు సమ్మెలో పని పోయాక గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట పండ్లు అమ్ముకునేవాడు. ఆయన ఒక మిస్త్రీని తీసుకొచ్చి బండి చూపించాడు. ఆ మిస్త్రీ గేరు రాడ్డు పట్టుకుని అటూ ఇటూ ఊపి, గేర్‌బాక్స్ పోయింది, విప్పితే ఇంకేమేం బయటపడతాయో తెలియదన్నాడు. ఇక అమ్మడమే మేలని, తుక్కు కొనేవాళ్లని కుర్లా నుంచి పిలిపిస్తానని నర్సింహులు చెప్పాడు. మంచి మనసుతోనే చెప్పాడు. తమ్ముడిని మింగిన బండి కళ్లెదుట ఉండకూడదని ఆయన బాధ. రత్నాబాయి నీ ఇష్టం బావా అంది. అన్నాక ఆకు తడపడానికి లేచింది.

ఆ వారంలోనే రాజలింగం వచ్చాడు.

రాజలింగం వాళ్ల గల్లీ మనిషే. చిన్నప్పుడు శివరాంతో కలిసి అదే గ్యారేజీలో బండ్లు కడిగి, తర్వాత మిస్త్రీ అయ్యాడు. నాలుగైదేళ్లుగా మస్కట్‌లో ఉన్నాడు. దిగిన రోజే కబురు తెలిసి, పెట్టె కూడా విప్పకుండా వచ్చాడు. గంగాబాయి అతన్ని పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. రత్నాబాయి చాయ్ పెట్టి ఇచ్చింది. వెళ్తూ వెళ్తూ అతను బండి తాళం అడిగి తీసుకుని, నల్లా దగ్గర ఆగి, బానెట్ మీది బిందె తీసి కింద పెట్టి, బండి తలుపు తెరిచి లోపల కూర్చున్నాడు. కాసేపటికి ఇంజిన్ చప్పుడు వినబడింది. గేరు ఎలాగో పడేలా చేసి గల్లీ చుట్టి వచ్చాడు. బండి ఎక్కడా ఆగలేదు.

మళ్లీ మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. బండికేమీ కాలేదని తాననడం లేదనీ, అయితే దాని రోగం ఏమిటో ఒక్క చుట్టు తిప్పితే తెలియదనీ చెప్పాడు. నడిపినవాడు చెప్పాలి. నడిపినవాడు లేడు. అందుకని మొహమాటపడుతూనే అడిగాడు.

"వదినా, అన్న నీతోని ఎప్పుడన్న చెప్పిండా? బండి ఎప్పుడు బంద్ వడుతుండె? ఎండలనా?"

రత్నాబాయి తనకేం తెలుసు అనబోయింది. అనబోయిన మాట నోట్లోనే ఉండగా వేరే మాట బయటికొచ్చింది.

"ఎండల అనే అనుకున్నరు అందరు. పెట్రోల్ పంప్ వేడెక్కుతుందని దాని మీద తడిగుడ్డ చుట్టుమన్నరు. నా పాత చీర చింపి తీస్కపోయిండు. కని వానల గూడ బంద్ వడ్డది. హాజీ అలీ కాడ మోకాలెత్తు నీళ్లల్ల ఆగిందని నానుకుంట వచ్చిండు."

"వానల గూడనా?" అన్నాడు రాజలింగం. మెల్లగా, తనలో తాను. వేడి కాదన్నమాట. అయితే పొద్దున స్టార్ట్ కావడానికి సతాయించేదా అని అడిగాడు. లేదు, పొద్దున ఒక్క తిప్పుకే లేచేది. దగ్గర దగ్గర గిరాకీలైతే పొద్దంతా ఏమీ అనేది కాదు. దూరం పోతేనే, అంధేరీ బోరివలీ దిక్కు పోతేనే ఆగేది. ఆగేముందు దగ్గినట్టు, ఊపిరాడనట్టు చేసేది. కాసేపు అలా వదిలేసి బీడీ తాగి వస్తే తనంతట తానే లేచేది. ఇవన్నీ రత్నాబాయి ఎవరో చదివి వినిపిస్తున్నట్టు ఒకే గొంతుతో చెప్పుకుపోయింది. చేతిలో బీడీ ఆగలేదు. గోడకానుకున్న గంగాబాయి కోడలి మొహం కేసి చూస్తూ ఉండిపోయింది. కొడుకు పోయినప్పటినుంచీ ఆ పిల్ల ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడలేదు.

"పెట్రోల్ వోసుకున్నంక ఎట్లుంటుండె?"

"రాజా లెక్క ఉరుకుతదనెటోడు. అందుకే పెట్రోల్‌ల స్టౌల వోసే ఘాస్‌లెట్ నూనె కలుపుతుండ్రని ఆయన అనుమానం. పాత పెట్రోల్ ఖరాబు, కొత్తది వడంగనె మంచిగయితుందని. ఎన్ని పంపులు మార్చిండో."

రాజలింగం ముందుకి జరిగాడు. ఈ ఆగడం ఎప్పటినుంచి మొదలైందని అడిగాడు. రత్నాబాయి మొదటిసారి బీడీ చుట్టడం ఆపింది. నెలలు లెక్కపెట్టడం ఆమెకు రాలేదు గానీ ఒకటి గుర్తొచ్చింది. పోయినేడు గణపతి పండగప్పుడు రాత్రి ఎవరో టాంకీలో పెట్రోల్ తీసుకుని, మూత కూడా పట్టుకుపోయారు. శివరాం చోర్ బజార్ వెళ్లి ఏదో బండిది ఒక మూత తెచ్చి బిగించాడు. మన బండిదాని కంటే ఇదే నయం, ఎంత గట్టిగా పడుతుందో చూడు, చుక్క కారదు అని మురిసిపోయాడు. ఆ తర్వాతే అనుకుంటా ఈ ఆగుడు ముచ్చట మొదలైంది.

రాజలింగం ఇక గేరు సంగతి అడిగాడు. గేరు పడకపోవడం ఇంజిన్ నడుస్తున్నప్పుడేనా, బంద్ ఉన్నప్పుడు కూడానా? దానికి జవాబు ఆమె వెతుక్కోవలసిన పనే లేకపోయింది. పొద్దున బండి కడిగి, స్టార్ట్ చెయ్యకుండానే లోపల కూర్చుని స్టీరింగ్ పక్క గేరు రాడ్డుతో కుస్తీ పట్టేవాడు. వరండాలోంచి రోజూ కనబడేదే. ఇరుక్కుంటే దిగి, బానెట్ ఎత్తి, లోపల చెయ్యి పెట్టి దేన్నో కదిపితే వచ్చేది. అంగీ కుడిచేతి అంచుకి రోజూ నల్లటి గ్రీజు. రాతి మీద ఎంత రుద్దినా పోయేది కాదు.

గేర్‌బాక్స్ బాగానే ఉందని రాజలింగం తేల్చాడు. గేరు రాడ్డు నుంచి గేర్‌బాక్స్ దాకా పోయే సలాకల కీళ్లలో ఉండే బుష్‌లనే చిన్న రింగులు అరిగి ఉంటాయి. క్లచ్‌దే తప్పయితే ఇంజిన్ ఆపినప్పుడు గేరు సాఫీగా పడేది. ఆపినా పడలేదంటే చేతికీ గేర్‌బాక్స్‌కీ మధ్యలోనే ఏదో ఉంది. ఆ మాటకి గంగాబాయి, అయితే ఆ ఆగుడు దేనివల్ల అని అడిగింది. అది రేపు బండిని దూరం తీసుకెళ్లి చూపిస్తానన్నాడు.

మర్నాడు అతను బండి తీస్తుంటే రత్నాబాయి కొంగు భుజం మీదుగా కప్పుకుని కిందికి దిగింది. తానూ వస్తానంది. ముందు సీట్లో, శివరాం పక్కన ఎప్పుడైనా కూర్చునే చోటే కూర్చుంది. నాగ్‌పాడా దాటారు, సముద్రం ఒడ్డు పట్టుకుని చివరిదాకా పోయారు, వెనక్కి తిరిగారు, మళ్లీ పోయారు. సముద్రం నిండుగా ఉంది. ఆమె దాన్ని చూసింది గానీ చూసినట్టు అనిపించలేదు. రెండోసారి తిరిగి వస్తుండగా చౌపాటీ దగ్గర బండి దగ్గింది. ఒకసారి ముందుకి ఊగి, వెనక్కి ఊగి, ఆగిపోయింది. రాజలింగం దాన్ని మెల్లగా పక్కకి దొర్లించాడు. తాళం తిప్పాడు. తిరిగింది గానీ అందుకోలేదు.

అతను రత్నాబాయిని బండి వెనక్కి తీసుకెళ్లి, టాంకీ మూత తనని తియ్యమన్నాడు. బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో పట్టుకుని తిప్పింది. మూత వదులైన క్షణంలో లోపలికి గాలి ఉస్సుమని పోయింది. ఎవరో చాలాసేపు బిగబట్టిన ఊపిరి తీసుకున్నట్టు. అంతే. రాజలింగం వెళ్లి తాళం తిప్పాడు. ఇంజిన్ వెంటనే అందుకుంది.

ఆమె చేతిలోంచి మూత తీసుకుని బోర్లించి చూపించాడు. టాంకీలో పెట్రోల్ తగ్గుతున్నకొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి. దానికోసం మూతకి సన్నటి తూటు ఉంటుంది. దీనికి లేదు. గాలి రాకపోతే పెట్రోల్ ముందుకి కదలదు. మూత తీసినప్పుడల్లా, అంటే పెట్రోల్ పోసుకున్నప్పుడల్లా బండికి ప్రాణం లేచొచ్చేది. శివరాం పెట్రోల్ మంచిదనుకునేవాడు.

రత్నాబాయి మూతని అందుకుని తిప్పి చూసింది. ఇప్పుడైనా ఏదైనా అవుతుందేమోనని తనలోకి తాను చూసుకుంది. కాళ్ల కింద ఇసుక గరగరలాడటం తెలిసింది. చౌపాటీ మీద భేల్ అమ్మేవాడి గంట వినబడింది. ఇంకేమీ కాలేదు.

"గీ తూటు ఉండుంటె ఆయన బతికెటోడా?" అని అడిగింది.

రాజలింగం ఆమె చేతిలోంచి మూతని తీసుకుని అంగీకి తుడిచాడు.

"నాకు తెల్వది వదినా. గుండె ఎప్పటిసంది బాగలేదో డాక్టర్లకే తెల్వాలె. ఆ దినం కాకుంటె ఇంకో దినం మెట్ల మీద పడుతుండెనేమో. పడకపోతుండెనేమో గూడ. నాకు బండి సంగతే తెలుసు. బండి ఎందుకు ఆగిందో చెప్పగలుగుత. గంతే."

ఆమె తలూపింది. దినాల నాటినుంచీ అందరూ ఏదో ఒకటి గట్టిగా చెప్పినవాళ్లే. రాత అన్నారు, దిష్టి అన్నారు, బండి మింగింది అన్నారు. తెలియదు అన్నవాడు ఇతనొక్కడే.

రాజలింగం మూతకి తూటు పొడిచాడు. బుష్‌లు మార్చడానికి ఒక పూట పట్టింది. అరిగినవాటిని కాగితంలో పెట్టి తెచ్చి నర్సింహులు చేతిలో పోశాడు. నర్సింహులు వాటిని వేళ్లతో నలిపి చూశాడు. కుర్లా వాళ్లని రావద్దని చెప్పాలి మరి అని రత్నాబాయి కేసి చూశాడు. ఆమె ఈసారి నీ ఇష్టం అనలేదు.

"అమ్మొద్దు బావా. ఎవరికన్న నడపనీకె ఇద్దాం. ఇచ్చే ముంగట ఒక్కసారి ఆ ఎక్కుడు ఎక్కి రావాలె."

నర్సింహులు తాను రాలేనన్నాడు. ఆ రోడ్డు చూడలేనన్నాడు. వస్తానన్నది గంగాబాయి. వద్దని అందరూ అన్నా వినలేదు. కొడుకు ఎక్కడ కూర్చుని పోయాడో తన కళ్లతో చూడాలంది. ఆదివారం పొద్దున రాజలింగం నడుపుతుండగా అత్తాకోడళ్లిద్దరూ వెనక సీట్లో కూర్చుని వెళ్లారు. ఎక్కుడు మొదలు కాగానే అతను గేరు మార్చాడు. సాఫీగా పడింది. బండి చప్పుడు మారకుండా ఎక్కిపోయింది. ముసలామె కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. పైన, ఒక పెద్ద బంగ్లా గోడ పక్కన, స్టాండు వాళ్లు చెప్పిన గుర్తు చూసి రాజలింగం ఆపాడు.

అక్కడ ఫుట్‌పాత్ మీద ఒక మరాఠీ ఆమె కొబ్బరిబోండాలు అమ్ముతోంది. సరిగ్గా ఆ చోటే ఆగిన నలుపూ పసుపూ బండీ, అందులోంచి దిగిన ముసలామే కనబడేసరికి కత్తి పక్కన పెట్టి లేచి నిలబడింది. మీరు ఆ డ్రైవరు మనుషులా అని అడిగింది. రత్నాబాయి మరాఠీలోనే అవునంది. కొబ్బరిబోండాల ఆమె మొత్తం చెప్పుకొచ్చింది. బండి తోసి వచ్చి అతను తన గంప పక్కనే కూర్చున్నాడు. చెమటలు కారుతుంటే బోండం కొట్టి ఇచ్చింది. సగం తాగాడు. తన కొంగుతోనే విసిరింది. నొప్పిగా ఉందా అంటే లేదు, ఆయాసం అన్నాడు. రోడ్డుకి అడ్డంగా ఉందేమో చూడు బాయీ, ఇంకొంచెం పక్కకి జరపాలా అని బండి గురించే అడిగాడు. లేదు, పక్కకే ఉంది, నువ్వు కూర్చో అంది. సరేనని గోడకి ఆనుకున్నాడు. ఆమె జనాన్ని పిలిచి ఇంకో టాక్సీ ఎక్కించేదాకా ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

గంగాబాయికి మరాఠీ అర్థమవుతుంది. ఆ గోడ పక్కన కూలబడి, కొడుకు ఆనుకున్న రాయిని నిమిరి నిమిరి ఏడ్చింది. కొబ్బరిబోండాల ఆమె కూడా కళ్లు తుడుచుకుంది. రత్నాబాయి అత్త పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేసింది. తను ఏడవలేదు. ఇన్నాళ్లూ ఆమె తలలో ఉన్న బొమ్మలో శివరాం ఒక్కడే ఉన్నాడు, చుట్టూ హారన్లు. ఇప్పుడు ఆ బొమ్మలోకి ఒక మనిషి వచ్చింది, విసురుతోంది. అది ఎంత మేలో ఆమెకు వెంటనే తెలియలేదు. గొంతు ఎండుకుపోయిందని మాత్రం తెలిసింది. బోండం అడిగింది. కొబ్బరిబోండాల ఆమె ఒకటి ఏరి, చెక్కి ఇచ్చింది. నీళ్లు చల్లగా, కొంచెం ఉప్పగా ఉన్నాయి. మొత్తం తాగింది. ఎన్నో రోజుల తర్వాత ఒక వస్తువుకి రుచి ఉందని నాలుకకి తెలిసింది.

బండిని బాలయ్య అనే అతనికి కిరాయికి ఇచ్చారు. పాలమూరు నుంచి వచ్చి ధారావిలో ఉంటూ, కొత్తగా టాక్సీ నడిపే బ్యాడ్జీ తెచ్చుకున్న మనిషి. జాగ్రత్తగా నడిపేవాడు. బానెట్ మీద బిందెలు పెట్టనిచ్చేవాడు కాదు. పొద్దుగూకాక తాళం ఇవ్వడానికి వచ్చినప్పుడు రత్నాబాయి బండి ఎలా ఉందని అడిగితే, మంచిగుందక్కా అని ఒక్క మాటే చెప్పి వెళ్లిపోయేవాడు. బాగున్న బండి గురించి చెప్పడానికి ఏమీ ఉండదు. కంచాల ముందు అత్తాకోడళ్లిద్దరూ నిశ్శబ్దంగా కూర్చునేవాళ్లు. కొన్నాళ్లకు గంగాబాయి తనే చిన్నప్పటి పాలమూరు సంగతులు ఏవో ఎత్తుకోవడం మొదలుపెట్టింది. అవి కోడలికి తెలిసినవే. అయినా ఆమె చేతిలో పని పక్కన పెట్టి, అత్తకేసి తిరిగి కూర్చుని వినేది.